పెద్దల్లుడి తలుపు

రంగుల మేస్త్రి పొద్దున్నే కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చి ముందుగా చూసేది ఆకాశాన్ని కాదు, వీధిని కాదు. ఎదురింటి గ్యారేజీ తలుపును. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఆ తలుపు ఎక్కడైనా ఉబ్బిందా, పగిలిందా, కనీసం ఒక మూల నల్లబడిందా అని కళ్ళు చికిలించి చూస్తాడు. దానికేమీ కాలేదని తేలాక కాఫీ చేదుగా ఉందంటాడు.

"కాఫీ చేదు కాదు, మీ నోరు చేదు" అంటుంది లోపల్నుంచి భార్య.

ఎదురిల్లు పరాయివాళ్ళదైతే ఇంత బాధ లేకపోను. అది తోడల్లుడిది. అక్కచెల్లెళ్ళిద్దరూ పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలని పట్టుబట్టి ఎదురెదురుగా ఇళ్ళు కట్టించుకున్నారు. పిలిస్తే పలకడం వాళ్ళకు సుఖంగానే ఉంది. లేస్తే కనబడడం మొగుళ్ళకు వచ్చిన చిక్కు.

వాళ్ళ తండ్రి వడ్రంగి. ఊళ్ళో ఒక పాత గిడ్డంగి పడగొడుతుంటే దాని దూలాలు తెచ్చి, కోసి, చిత్రిక పట్టి, ఒకే నెలలో ఇద్దరు కూతుళ్ళ ఇళ్ళకూ గ్యారేజీ తలుపులు చేసిపెట్టాడు. ఒకే కొలత, ఒకే రకం రెండేసి రెక్కలు, ఒకే చేతి పని. పక్కపక్కన నిలబెడితే కవలపిల్లలనుకోవాలి. కవలల్లో ఒకటి దుక్కలా పెరిగి రెండోది జబ్బు పడితే ఆ ఇంట్లో ఏమవుతుందో ఈ వీధిలోనూ అదే అయింది.

ఆ వీధి గుట్ట కింద పల్లంలో ఉంది. నాలుగు నెలలు వాన, ఆ పైన రెండు నెలలు మంచు. ఆ ఆరు నెలలూ గాలి ఒంటికి అంటుకునే ఉంటుంది. డబ్బాలో ఉప్పు నీరవుతుంది. అగ్గిపుల్ల గీస్తే తల ఊడుతుంది గానీ వెలగదు. ఉతికి మూడు రోజులైన బనియను కూడా చంకల్లో చల్లగా తగులుతుంది. అలాంటి చోట చెక్క తలుపు పెట్టుకోవడమంటే రోగిష్ఠి మనిషిని చేరదీసినట్టే, రోజూ చూసుకోవాలి.

తొలి వాన పడిన వారానికల్లా మేస్త్రి తలుపు బిగుసుకుపోయేది. అడుగంచు నేలను పట్టేది, రెండు రెక్కలూ ఒకదాన్నొకటి నొక్కుకుని విడిపోనని మొరాయించేవి. లోపల అతని పాత వ్యాను, నిచ్చెనలు, రంగు డబ్బాలు. భుజంతో గుద్ది, మోకాలితో నెట్టి, మామగారి ఏడు తరాలనూ పళ్ళ మధ్య తలుచుకుంటే గానీ అది తెరుచుకునేది కాదు. సరిగ్గా ఆ సమయానికే ఎదురింటి తోడల్లుడు బయటికి వచ్చి తన తలుపును ఒక్క వేలితో నెట్టేవాడు. ఒక్క వేలు! అది చప్పుడు లేకుండా తెరుచుకునేది. కావాలనే తన ముందు అలా వేలు పెడుతున్నాడని మేస్త్రి నమ్మకం.

తోడల్లుడు గ్రంథాలయంలో గుమాస్తా. సన్నగా, నెమ్మదిగా, కళ్ళజోడు తుడుచుకుంటూ మాట్లాడే మనిషి. పాత పుస్తకాల గదిలో తేమ చూడడానికి పెట్టే ముల్లు గడియారం లాంటిది ఒకటి తెచ్చి తన గ్యారేజీ గోడకు తగిలించుకున్నాడు. "తలుపుకు జ్వరం చూసుకునే మనిషిని ఎక్కడైనా చూశారా?" అని మేస్త్రి పనికి వెళ్ళిన ఇంటింటా చెప్పి నవ్వించేవాడు. గుమాస్తా తలుపుకు రంగు లేదు, మెరుపు లేదు. నూనె పట్టిన పాత పీటలా మట్టి రంగులో ఉండేది. మేస్త్రి దానికి బోడి తలుపని పేరు పెట్టాడు.

తన తలుపు అలా కాదు. ఏటా వానలకు ముందు ఒక పూత, ముదురు ఆకుపచ్చో, నీలమో, మెరూనో. ఏదైనా ఒక చోట పొక్కు లేస్తే దాన్ని గీకి, లప్పం పెట్టి, దాని మీద మరో పూత. తొమ్మిదేళ్ళలో పదకొండు పూతలు పడ్డాయి. వీధిలో పోయేవాళ్ళు అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. అతను అలాంటిలాంటి రంగులవాడు కాదు మరి. ముప్పై ఏళ్ళ పని. గోడ మీద అరచెయ్యి ఆనిస్తే నిమ్ము ఎంత లోతున ఉందో చెప్పేవాడు. పాత గోడకు సరిపోయే రంగును కంటితోనే కలిపేవాడు, ఆరాక అతుకు ఎక్కడుందో ఇంటాయన కూడా కనిపెట్టలేకపోయేవాడు. మీకు ఏ మేస్త్రి వేశాడని ఎవరైనా అడిగితే ఇంటివాళ్ళు అతని పేరు కాస్త గొప్పగానే చెప్పుకునేవారు.

అలాంటివాడి ఇంటి తలుపు ఇలా ఏడవడానికి కారణం ఒక్కటేనని అతను ఎప్పుడో తేల్చేసుకున్నాడు. చెక్క. మాను నడిబొడ్డున ఎర్రగా, గట్టిగా ఉండేదాన్ని చేవ అంటారు. దాని చుట్టూ బెరడు వైపు ఉండేది తెల్లచెక్క, నీళ్ళంటే పడిచస్తుంది. మామగారు చేవంతా ఏరి చిన్నల్లుడికి పెట్టి, మిగిలిన తెల్లచెక్క తన మొహాన కొట్టాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని ఊరికే అన్నారా? అత్తగారు పోయాక ముసలాయన చిన్నకూతురి ఇంట్లోనే ఎందుకు మకాం పెట్టాడు? ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇదంతా అతను ఎవరినీ అడగలేదు. అడిగితే కాదంటారేమోనని భయం. కడుపుమంటకు అలవాటు పడినవాడికి అది ఆరిపోతే చలేస్తుంది.

ఈ ఏడు వానలు ముందే వచ్చాయి. గుట్ట మీద కొత్తగా కట్టిన కాలనీలో నలభై ఇళ్ళు, నలభై చెక్క గ్యారేజీ తలుపులు. రెండు వానలకే సగం తలుపులు బిగుసుకుని, మనుషులు కార్లు బయటపెట్టుకుని తలలు పట్టుకున్నారు. కాలనీ సంఘం కార్యదర్శి ఒక రిటైరైన టీచరమ్మ. ఊళ్ళో మంచి రంగుల మేస్త్రి ఎవరని విచారించి, పేరు తెలుసుకుని, గొడుగేసుకుని పొద్దున్నే వచ్చింది.

ఆ సమయానికి మేస్త్రి గ్యారేజీ లోపల ఉన్నాడు. వ్యాను తీద్దామని ఇంట్లోంచి ఉన్న చిన్న ద్వారం గుండా వెళ్ళి, లోపల్నుంచి తలుపును తన్నుతున్నాడు. తన్ను మీద తన్ను, దబ్ దబ్ మని వీధంతా మోగుతోంది.

"ఎవరండీ లోపల?" అంది టీచరమ్మ బెదిరిపోయి.

"నేనేనండి, మేస్త్రిని."

"మరి బయటికి రండి."

"వస్తున్నానండి. ఒక్క నిమిషం. వస్తున్నా" అని మరో నాలుగు తన్నులు తన్నాడు. తలుపు కదల్లేదు. మెరూను రంగు మాత్రం కళకళలాడుతోంది.

టీచరమ్మ ఎదురింటి వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే గుమాస్తా బయటికి వచ్చాడు. వేలు పెట్టాడు. తలుపు తెరుచుకుంది. ఆవిడ గొడుగు మూసి గబగబా వీధి దాటింది.

మేస్త్రి ఇంట్లోంచి చుట్టు తిరిగి, చెమటతో, మోచేతికి గీరుకున్న నెత్తుటితో వచ్చేసరికి ఎదురింటి ముందు మాటలు సగం అయిపోయాయి.

"ఇది ఎవరు చేశారండీ మీకు?" అని అడుగుతోంది ఆవిడ.

"చెక్క పని మా మామగారిదండి. తర్వాతది నేనే, ఏదో తోచినట్టు" అన్నాడు గుమాస్తా, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఆవిడ మేస్త్రి వైపు తిరిగి చాలా మర్యాదగానే మాట్లాడింది. అందుకే అది మరీ మండింది. "మేస్త్రిగారూ, మీ చేతిపని గురించి అందరూ చెప్పారు. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం మా కాలనీకి ఇద్దరూ రండి. ఎలా చెయ్యాలో ఈయన చెప్తారు, మీరు ఆ ప్రకారం వేసిపెట్టండి."

ముప్పై ఏళ్ళు. పుస్తకాలకు అట్టలేసుకునేవాడు చెప్తే తను బ్రష్షు తిప్పాలి. నలభై ఇళ్ళవాళ్ళు చూస్తుండగా. ఆ మాట రెండు రోజుల్లో ఊరంతా పాకుతుంది, ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్ళినా 'మీ తోడల్లుణ్ణి కూడా ఒకసారి తీసుకురండి' అంటారు. మేస్త్రి తల ఊపాడు. ఏమని ఊపాడో అతనికే తెలీదు.

ఆ వారమంతా ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా ముద్ద మింగలేదు.

"వాడు అడిగి తెచ్చుకున్నాడా ఏంటి? ఆవిడే అడిగింది కదా" అంది భార్య.

"వేలెందుకు పెట్టాలి ఆ టైముకి?"

"మరి కాలు పెట్టమంటారా మీలాగా?"

"నువ్వు కూడా మీ నాన్న పక్షమే."

"ఇందులో మా నాన్నెక్కడ ఉన్నాడండీ మధ్యలో?"

"ఉన్నాడు. మొదట్నుంచీ ఉన్నాడు. చెక్క ఎవరికి ఏది పెట్టాడో నాకు తెలీదనుకోకు" అన్నాడు మేస్త్రి. తొమ్మిదేళ్ళలో ఆ మాట బయటికి రావడం అదే మొదటిసారి. ఆవిడ ఒక్క క్షణం అతని మొహం చూసి గిన్నెలు సర్దుకుంది.

కాలనీకి ఇంకా వారం ఉందనగా, ఆదివారం నాడు గుమాస్తా మేనకోడలి పెళ్ళి, పక్క ఊళ్ళో. అక్కచెల్లెళ్ళిద్దరూ బయలుదేరారు. మేస్త్రి నడుము నొప్పన్నాడు. నిజానికి గుమాస్తా కారులో గుమాస్తా పక్కన కూర్చోవడం కన్నా నిజంగా నడుము విరిగినా నయమనిపించింది. వాళ్ళు వెళ్ళేటప్పుడు పెరట్లో మొహం కడుక్కుంటూ ఉండిపోయాడు. భార్య కేకేసి చెప్పింది: "చెల్లి వాళ్ళ తాళంచెవి బల్ల మీద పెట్టా. వాళ్ళ కుండీలకు కాస్త నీళ్ళు పోయండి, వరండాలో ఉన్నవాటికి వాన తగలదు."

వాన ఆ రోజు తెరిపిచ్చింది. మేస్త్రి తాళంచెవి తీసుకుని వీధి దాటాడు. కుండీల వైపు చూడను కూడా లేదు. తిన్నగా లోపలి ద్వారం గుండా గ్యారేజీలోకి వెళ్ళాడు. ఆ తలుపు రహస్యమేంటో చూసి రావాలని, అంతే. మొదట అంతే.

గ్యారేజీ శుభ్రంగా ఉంది. ఎదురుబొదురు గోడల్లో కిందొకటి పైనొకటి జాలీలు, గాలి ఇటునుంచి అటు పోతోంది. గోడ మీద ముల్లు గడియారం. మేస్త్రి దాని దగ్గరికెళ్ళి చూశాడు. ఊరంతా నానిపోతుంటే ఆ ముల్లు మాత్రం హాయిగా, కడుపు నిండి నిద్రపోయినట్టు, మధ్యన నిలబడి ఉంది. అది చూడగానే మేస్త్రికి ఒళ్ళంతా మంటెత్తింది. టీచరమ్మ గుర్తొచ్చింది. వేలు గుర్తొచ్చింది.

మూలన రెండు ఖాళీ గోనెసంచులున్నాయి, పక్కనే కుళాయి. అతను ఆలోచించలేదంటే అబద్ధం. ఆలోచించే చేశాడు. గోనెలు నీళ్ళలో ముంచి, పిండకుండా, నీళ్ళు కారుతుండగానే తెచ్చి తలుపు అడుగున పొడుగునా దూర్చాడు. పాత పేపర్లు ఉండచుట్టి జాలీల్లో కుక్కాడు. సాయంత్రం వచ్చి గోనెలు తీసేస్తే ఎవరికి తెలుస్తుంది? మళ్ళీ రేపు ఏదో వంక. వారం రోజులు ఇలా తాగిస్తే, కాలనీకి వెళ్ళాల్సిన ఆదివారం పొద్దున వేలు కాదు, గునపం పెట్టినా ఈ తలుపు రాదు. చెక్క నీళ్ళు తాగేది పక్కలనుంచి కాదు, కోసిన కొననుంచి, అడుగునుంచి అని ముప్పై ఏళ్ళ మేస్త్రికి ఒకరు చెప్పాలా? తెలిసిన విద్యే. తొమ్మిదేళ్ళలో దాన్ని తన తలుపుకు ఒక్కసారి వాడలేదు, పక్కవాడి తలుపు చెడగొట్టడానికి మాత్రం ఠక్కున గుర్తొచ్చింది. మనిషి బుద్ధి అలాగే ఉంటుంది, ఏం చేస్తాం.

రెండో గోనెను ఇంకా లోపలికి తొయ్యడానికి బోర్లా పడుకుని చెయ్యి దూర్చాడు. చేతికి అంచు తగిలింది. నున్నగా ఉంది. వేళ్ళు బయటికి తీసి చూసుకుంటే తడి లేదు, జిడ్డు. వంగి మరింత దగ్గరగా చూశాడు. గోనెలోంచి కారిన నీళ్ళు ఆ అంచు మీద ముత్యాల్లా నిలబడి, జారిపోతున్నాయి. చెక్క ఒక్క బొట్టు తాగడం లేదు. అడుగంచు, పక్క అంచులు, కీళ్ళు బిగించిన గాడులు, అన్నిటికీ నూనె. ఏళ్ళ తరబడి, పూత మీద పూత. కింద నేలకూ తలుపుకూ మధ్య వేలు పట్టేంత సందు, దానికి రబ్బరు పట్టీ.

అప్పుడు తలెత్తి లోపలి వైపు చెక్కను చూశాడు. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అయిదు పలకల్లో మూడు పలకలు పాలిపోయి ఉన్నాయి. నూనె కింద ఆ తెలుపు దాగలేదు. అక్కడక్కడా కణుపుల ముడులు. గోటితో నొక్కితే గోరు దిగింది.

ఇది తెల్లచెక్క.

మేస్త్రి తడి నేల మీదే కూర్చుండిపోయాడు. లుంగీ తడుస్తోందన్న ధ్యాస కూడా లేదు.

"ఆ గోనెలెందుకు అల్లుడుగారూ?"

లోపలి ద్వారంలో మామగారు. చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉన్నాడు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు.

"మీరు... పెళ్ళికి వెళ్ళలేదా?" అన్నాడు.

"ఈ మోకాళ్ళతో ఎక్కడికెళ్తాను? నీళ్ళ చప్పుడైతే కుళాయి వదిలేశారేమోనని వచ్చా." ముసలాయన కర్రతో గోనె కొసను ఎత్తి చూసి వదిలేశాడు. జాలీలోని పేపరు ఉండ వైపు చూశాడు. తిట్టినా బాగుండేది.

తప్పు చేసినవాడికి నోరు లేస్తే ఎదురుదాడికే లేస్తుంది. "తెల్లచెక్క మీ చిన్నల్లుడికి పెట్టారా మీరు?" అన్నాడు మేస్త్రి.

"అవును. తెచ్చిన దూలాల్లో మంచి చేవది ఒక్కటే వచ్చింది. అది ఒక్క తలుపుకే సరిపోయింది. పెద్దల్లుడు మీరు, మీకు పెట్టా. మీ రెక్కల్లో అంగుళం తెల్లచెక్క లేదు."

"మరి నా తలుపు ఎందుకలా ఏడుస్తోంది?"

ముసలాయన చెప్పాలా వద్దా అన్నట్టు కర్రను ఇటు అటు మార్చుకున్నాడు. "లోపలి వైపు ఎప్పుడైనా పూత వేశారా?"

లోపలి వైపు మేస్త్రి నిచ్చెనలు ఆనించుకుంటాడు. అది ఎవరు చూస్తారు?

"అడుగంచుకు?"

మేస్త్రి వేళ్ళకంటిన నూనె జిడ్డు చూసుకున్నాడు.

"ముందు పదకొండు పూతలు, వెనక ఒట్టి చెక్క. వెనకనుంచి తాగిన తేమ ముందునుంచి పోదు. ఇంకెక్కడికి పోతుంది? ఎంత చేవైనా నానక ఏం చేస్తుంది?"

"ఇన్నేళ్ళూ ఈ ముక్క నాకు ఎందుకు చెప్పలేదు?" మేస్త్రి గొంతు లేచింది.

"రంగుల మేస్త్రికి రంగు గురించి నేను చెప్పడమా? అందులోనూ అల్లుడు. మొదటి ఏడు నోరు తెరిచా. 'చెక్క సంగతి మీది, రంగు సంగతి నాకొదిలెయ్యండి' అన్నారు మీరు. వదిలేశా. చిన్నాయనకు ఏమీ తెలీదు కాబట్టి ఏం చెప్పినా విన్నాడు. ఆరు వైపులా నూనె పెట్టు, కారు తడిగా ఉంటే తలుపు వెయ్యకు, గాలి ఆడనివ్వు అన్నా. పాపం, చెప్పినదాని కన్నా ఎక్కువే చేశాడు." ముసలాయన ఊపిరి తీసుకున్నాడు. "అసలు ఎందుకు చేశాడో మీకు తెలీదు. చెక్క తేడా అతను మొదటి రోజే కనిపెట్టాడు. పెద్దాయనకు చేవ పెట్టి నాకు పనికిరానిది అంటగట్టారని సంవత్సరం పాటు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ పొద్దున్నే కిటికీలోంచి మీ తలుపే చూస్తాడు. ఆ ఉక్రోషంతో పట్టాడు నూనె గుడ్డ."

మేస్త్రికి ముందు కలిగింది పశ్చాత్తాపం కాదు. ఉన్నమాట చెప్పుకోవాలి. ముందు కలిగింది సంతోషం. వాడు తనను చూసి ఏడ్చాడు! తొమ్మిదేళ్ళు, రోజూ! ఆ మాట ఒంట్లో వెచ్చగా పాకింది. కానీ రెండు నిమిషాలకే ఆ వేడి చల్లారిపోయింది. ఎదుటివాళ్ళు చూసి ఏడవాల్సిన సొత్తు తన దగ్గరే ఉంది, తను చేతులారా దానికి ఊపిరాడకుండా చేశాడు. వేరేవాళ్ళు చేసి ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది.

లేచాడు. పేపర్లు లాగేశాడు. గోనెలు పెరట్లోకి ఈడ్చుకెళ్ళి పిండి, దండెం మీద వేశాడు. నేల మీద తడి మచ్చ మాత్రం అలాగే ఉండిపోయింది. మామగారి కళ్ళలోకి చూడకుండా వీధి దాటి, స్క్రేపరు తీసుకుని తన తలుపు ముందు నిలబడ్డాడు.

ముందు లోపలి వైపు అడుగున గీకి చూశాడు. నాలుగు వేళ్ళ ఎత్తున చెక్క నల్లగా, మెత్తగా, నానిన అట్టలా ఊడివచ్చింది. అది పోయినట్టే, కోసి కొత్త ముక్క అతకాల్సిందే. ఆ పైన గట్టిగానే ఉంది. తర్వాత వీధి వైపు వచ్చి కుడి రెక్క నడిమి పలకకు స్క్రేపరు పెట్టాడు. మెరూను లేచింది, కింద ఆకుపచ్చ, దాని కింద నీలం, మళ్ళీ మెరూను. ఒక్కో రంగు ఒక్కో ఏడు. ఎంత ప్రేమగా వేశాడో, ఎవరికి చూపించడానికి వేశాడో, అన్నీ గుర్తొచ్చాయి. పైన పటారం లోన లొటారం అని ఇతరుల గోడల గురించి ఎన్నిసార్లు అన్నాడో కూడా గుర్తొచ్చింది.

"ఏంటి మేస్త్రీ, అద్దంలా ఉన్న రంగు గీకేస్తున్నావు?" అన్నాడు పాలాయన సైకిలు ఆపి.

"ఉన్నది రంగొక్కటే" అన్నాడు మేస్త్రి, తిరక్కుండా. వీధిలో ఇద్దరు ముగ్గురు నిలబడి చూశారు. ఆదివారం మధ్యాహ్నం అందరూ ఇళ్ళలోనే ఉంటారు కదా. చూడనిచ్చాడు.

మామగారు ఎదురు వరండాలో కుర్చీ వేయించుకోకుండా తనే లాక్కుని కూర్చున్నాడు. ఒకసారి మాత్రం నోరు తెరిచాడు, అదీ సంకోచంగా. "ఎండొస్తే తిన్నగా పడనివ్వకండి. నీడనే మెల్లగా ఆరాలి. లేకపోతే పగుల్తుంది."

"సరే మావయ్యగారూ" అన్నాడు మేస్త్రి.

సాయంత్రానికి ఒక పలక పూర్తిగా తేలింది. తేమకు ముదిరిన ఎర్రటి రంగు, సన్నటి గీతలు, ఒక్క ముడి లేదు. చేత్తో తడిమితే బరువు తెలుస్తోంది. ఇంత అందమైనదాన్ని ఇన్నాళ్ళూ తను చూడనే లేదు. దాని మీద ఏమి వేశానా అనే చూసుకున్నాడు.

అప్పుడే కారు వచ్చింది. అక్కచెల్లెళ్ళు దిగి పెళ్ళి ముచ్చట్లు చెప్పుకుంటూ ఉండగానే గుమాస్తా వేలితో తలుపు తెరిచి లోపలికి వెళ్ళాడు. వెంటనే బయటికి వచ్చాడు.

"లోపల నేలంతా తడిగా ఉందేంటి? తలుపు అడుగున చారికలున్నాయి. ఎవరు నీళ్ళు పోశారు?"

"నేనే. బిందె ఒలికిపోయింది" అన్నాడు ముసలాయన తొణక్కుండా.

"బిందె మోసే ఓపిక మీకెక్కడుంది నాన్నా? గ్యారేజీలో బిందెతో ఏం పని?" అంది చిన్న కూతురు.

మేస్త్రి ఎదుటివైపు నుంచి అంతా విన్నాడు. ఊరుకుంటే అయిపోతుంది. ముసలాయన చివరిదాకా అదే మాట మీద ఉంటాడు, ఆ మనిషి అలాంటివాడు. కానీ ఎనభై ఏళ్ళ మనిషి తన కోసం కూతురి దగ్గర అబద్ధమాడుతూ, ఆ అబద్ధం కూడా అతక్క నీళ్ళు నములుతుంటే చూస్తూ నిలబడడం మేస్త్రి వల్ల కాలేదు. స్క్రేపరు పట్టుకునే వీధి దాటాడు.

"ఆయన కాదు. నేను" అన్నాడు. "తడి గోనెలు తెచ్చి నీ తలుపు కింద నేనే దూర్చా తమ్ముడూ. అది ఉబ్బాలని. వచ్చే ఆదివారం నాటికి నీ వేలికి రాకూడదని."

పెద్ద కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్న కూతురు "బావగారూ!" అంది. మేస్త్రి తల దించుకుని తిట్టు కోసం కాచుకున్నాడు. ఎంతకీ రాకపోతే తలెత్తాడు.

గుమాస్తా అతని వైపు చూడనే లేదు. అతని భుజం మీదుగా, వీధికి అవతలి వైపు, ఆ తేలిన పలకను చూస్తున్నాడు.

"అన్నయ్యా, ఆ చెక్క..."

"ఏంటి?"

"పైదాకా అలాగే ఉందా? ఎర్రగా?"

"పైదాకా."

"రెండో రెక్క కూడా?"

"అదీ అంతే. నేను చెప్పింది విన్నావా నువ్వు? గోనెలు నేనే..."

"విన్నా, విన్నా" అన్నాడు గుమాస్తా చిరాగ్గా, మామగారి వైపు తిరిగి. "అప్పుడే అన్నాను మీతో. ఒక్క ముడైనా ఉందా చూడండి అందులో. నాకు తెలుసు. నాకు మొదట్నుంచీ తెలుసు." కళ్ళజోడు తీశాడు గానీ తుడుచుకోలేదు.

ఆ మొహం మేస్త్రి తేరిపార చూశాడు. ఇన్నేళ్ళూ తను కూడా ఇలాగే ఉండి ఉండాలి. చూసేవాళ్ళకు నవ్వొచ్చేలా, కాస్త జాలేసేలా. భార్య తొమ్మిదేళ్ళు దీన్ని ఎలా భరించిందో అనుకుంటే సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

"కాలనీకి ఇద్దరం వెళ్దాం" అన్నాడు. "నువ్వు చెప్పు. నేను వేస్తా. అందరి ముందే చెప్పు, నాకేం లేదు. ముందు ఇది చెప్పు, అడుగంచుకు నువ్వు ఎన్ని పూతలు పెడతావు?"

"మీరు నన్నడుగుతున్నారా?"

"నిన్నే. ఎన్ని?"

"ఆరు. మొదటి మూడూ నూనెను టర్పెంటైనుతో పల్చన చేసి, ఒకటి ఆరాక ఒకటి." గుమాస్తా వీధి దాటి వెళ్ళి, ఎర్రటి పలక మీద అరచెయ్యి పెట్టి, పైనుంచి కిందిదాకా నిమిరాడు. చెయ్యి తియ్యడానికి చాలాసేపు పట్టింది.

"మీ చెక్కకు నాలుగే చాలు" అన్నాడు చివరికి, ఏడుపు మొహంతో.